విండోస్ 11 అప్‌డేట్ తర్వాత లినక్స్ షేర్ తెరుచుకోవడం లేదా? ఎస్‌ఎంబీ 1 జోలికి వెళ్లకండి

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇది. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న లినక్స్ కంప్యూటర్‌కు (ఇకమీదట దీన్ని ‘పై’ అంటాను) ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి, లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కు అందించే సాంబా అనే ప్రోగ్రామ్ ద్వారా షేర్ చేసి, రెండేళ్లుగా విండోస్ లాప్‌టాప్ నుంచి పాస్‌వర్డ్ లేకుండానే వాడుకుంటున్నారు. లాప్‌టాప్ విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్‌కు మారిన తర్వాత నెట్‌వర్క్ విండోలో పై కనబడటం మానేసింది. పేరుతో వెళితే దారి దొరకలేదని చెప్పే 80070035 అనే ఎర్రర్ వస్తోంది, ఐపీ అడ్రస్‌తో వెళితే మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని (పాస్‌వర్డ్ లేకుండా వెళ్లడాన్ని) అడ్డుకుంటున్నాయనే సందేశం వస్తోంది. మీ తమ్ముడి లాప్‌టాప్‌లో మాత్రం అంతా మామూలుగానే ఉంది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకోవడానికి విండోస్, సాంబా వాడే పద్ధతి ఎస్‌ఎంబీ. దాని అతి పాత వెర్షన్ అయిన ఎస్‌ఎంబీ 1ని ఆన్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు, చేయవచ్చా అని అడిగారు.

చేయవద్దు. మీ జబ్బుకు ఎస్‌ఎంబీ 1 కారణమూ కాదు, మందూ కాదు. మీకున్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. పై పేరు విండోస్‌కు దొరకకపోవడం ఒకటి, దొరికిన తర్వాత పాస్‌వర్డ్ లేని ప్రవేశాన్ని విండోస్ నిరాకరించడం మరొకటి. పైలో ఒక సాంబా యూజర్‌ను పాస్‌వర్డ్‌తో సృష్టించి, గెస్ట్ ప్రవేశాన్ని తీసివేసి, ఐపీ అడ్రస్‌తో వెళితే రెండో ఇబ్బంది పది నిమిషాల్లో తీరుతుంది. మొదటిది ఆ తర్వాత తీరికగా చూసుకోవచ్చు.

కమాండ్లను, సెట్టింగుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలో వేయాలి.

మీకు వచ్చిన రెండో సందేశం చూసి మీరు కంగారు పడ్డారు గానీ, నిజానికి అది శుభవార్త. ఆ సందేశం రావాలంటే విండోస్ మీ పై దాకా వెళ్లి, దానితో మాట్లాడి, జవాబు కూడా అందుకుని ఉండాలి. అంటే కేబుల్, వైఫై, రౌటర్, ఫైర్‌వాల్, సాంబా సర్వీసు అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఎస్‌ఎంబీ వెర్షన్ విషయంలో కూడా రెండు యంత్రాలకు పొత్తు కుదిరింది. అడ్డు పడింది ఒక్క గుర్తింపు దగ్గరే.

అక్కడ జరుగుతున్నది ఇది. మీరు షేర్ తెరవగానే విండోస్ మిమ్మల్ని ఏమీ అడగకుండా, లాప్‌టాప్‌లో లాగిన్ అయిన పేరునే ముందుగా పైకి పంపుతుంది. ఆ పేరుతో సాంబాలో ఎవరూ లేరు. డెబియన్, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అనే లినక్స్ రకాలతో వచ్చే ‘ఎస్‌ఎంబీ డాట్ కాన్ఫ్’ అనే సాంబా సెట్టింగుల ఫైలులో ‘మ్యాప్ టు గెస్ట్ = బ్యాడ్ యూజర్’ అనే వరుస ఉంటుంది. తెలియని పేరుతో ఎవరైనా వస్తే తిప్పి పంపకుండా గెస్ట్‌గా లోపలికి రానివ్వమని దాని అర్థం. సాంబా ఆ మాట ప్రకారం మిమ్మల్ని గెస్ట్‌గా ఆహ్వానిస్తుంది, విండోస్ 11 ప్రో మాత్రం 24హెచ్2 నుంచి గెస్ట్‌గా వెళ్లడానికి ఒప్పుకోదు. అందువల్ల పాస్‌వర్డ్ అడిగే పెట్టె కూడా రాకుండానే వ్యవహారం ముగిసిపోతుంది. యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పుగా కొట్టినా ఇదే సందేశం వస్తుందని గుర్తుంచుకోండి. పేరు తప్పని కాకుండా గెస్ట్ నిషిద్ధమని చెప్పడం వల్ల చాలామంది గంటల తరబడి పక్కదారి పట్టారు, వారిలో నేనూ ఉన్నాను.

విండోస్ అలా భీష్మించుకోవడానికి కారణం ఉంది. 24హెచ్2లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకు ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి అయింది. అంటే ప్రతి ప్యాకెట్టుకూ ఒక ముద్ర ఉండాలి, ఆ ముద్రను తయారు చేసే తాళం పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు కాబట్టి ముద్ర వేయడం వీలు కాదు. హోమ్ ఎడిషన్‌కు ఈ నిబంధన వర్తించదు. మీ తమ్ముడి లాప్‌టాప్ హోమ్ అయి ఉండవచ్చు, సెట్టింగులలో ‘అబౌట్’ దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు చేయవలసిన పని. పైలో ‘సుడో ఎస్‌ఎంబీపాస్‌వర్డ్ -ఏ’ అని, ఆ తర్వాత మీ లినక్స్ యూజర్ పేరు ఇవ్వండి. ఇందులో ‘పాస్‌వర్డ్’ అన్న మాటను కమాండ్‌లో పీ, ఏ, డబుల్ ఎస్, డబ్ల్యూ, డీ అని కుదించి రాస్తారు. లినక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు. పైలోకి లాగిన్ అవుతున్నాను కదా, అదే పని చేస్తుంది అనుకోవడమే నేను చూసిన పొరపాట్లలోకెల్లా మామూలుది. తర్వాత ‘ఎస్‌ఎంబీ డాట్ కాన్ఫ్’ తెరిచి, ఫైలు మొదటి భాగంలో ‘మ్యాప్ టు గెస్ట్’ విలువను ‘నెవర్’ అని మార్చండి. మీ షేర్ కింద ఉన్న ‘గెస్ట్ ఓకే’ వరుసను ‘నో’ చేసి, ‘వాలిడ్ యూజర్స్’ అనే వరుసలో మీ పేరు రాయండి. ‘టెస్ట్‌పార్మ్’ నడిపితే ఎక్కడైనా అక్షరదోషం ఉంటే చూపిస్తుంది. దోషం లేకపోతే ‘ఎస్‌ఎంబీడీ’ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

లాప్‌టాప్ దగ్గరకు వచ్చే ముందు పైలోనే ఒక పరీక్ష చేయండి. ‘ఎస్‌ఎంబీక్లయింట్ -ఎల్ లోకల్‌హోస్ట్ -యు’ అని మీ పేరు ఇస్తే, పాస్‌వర్డ్ అడిగి, షేర్ల పట్టికను చూపించాలి. అది చూపిస్తే సాంబా ఆరోగ్యంగా ఉన్నట్లే. ఇంటి లోపలే వంట ఉడకనప్పుడు వీధిలో ఎవరినీ తప్పు పట్టి ప్రయోజనం లేదు కాబట్టి, నేను ఎప్పుడూ ఈ పరీక్షతోనే మొదలు పెడతాను.

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో \\192.168.1.20\ఫొటోలు అన్నట్లుగా, మీ పై ఐపీ అడ్రస్‌తో, మీ షేర్ పేరుతో వెళ్లండి. ఇప్పుడు పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది. యూజర్ పేరు దగ్గర పై పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ పేరు అని వరుసగా ఇవ్వడం మంచిది. లేకపోతే విండోస్ తన సొంత పేరును ముందు తగిలించి పంపే అవకాశం ఉంది.

ఇక్కడ 1219 అనే ఎర్రర్ రావచ్చు. ఒకే సర్వర్‌కు ఒకే సమయంలో రెండు పేర్లతో వెళ్లడానికి విండోస్ అనుమతించదు, మీరు పొద్దుట నుంచి చేసిన ప్రయత్నాలలో ఏదో ఒకటి ఇంకా తెరిచే ఉండి ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్ * /డిలీట్’ ఇచ్చి, విండోస్ పాస్‌వర్డ్‌లను దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పై పేరు మీద, ఐపీ అడ్రస్ మీద ఉన్న పాత పాస్‌వర్డ్‌లను తీసివేసి, ఒకసారి లాగ్ ఆఫ్ అయి రండి. పేరుతో వెళ్లడాన్ని, ఐపీ అడ్రస్‌తో వెళ్లడాన్ని విండోస్ రెండు వేర్వేరు సర్వర్లుగా లెక్కిస్తుంది. ఒక దారిలో పాత పాస్‌వర్డ్ అడ్డు వస్తుంటే రెండో దారిలో వెళ్లి తేడా తేల్చుకోవచ్చు.

ఇక ఎస్‌ఎంబీ 1 సంగతి. అది 1980లలో పుట్టిన పాత పద్ధతి. దానిలోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో సవరణ విడుదల చేసింది, అదే ఏడాది మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఆ సవరణ వేసుకోని యంత్రాలను పట్టుకుని ప్రపంచమంతా చుట్టబెట్టింది. ఆ ఏడాది చివరలో వచ్చిన విండోస్ 10 1709 నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో ఎస్‌ఎంబీ 1ను మైక్రోసాఫ్ట్ తొలగిస్తూ వచ్చింది, సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని డీఫాల్ట్‌గా ఆపివేసింది. కాబట్టి మీరు విండోస్‌లో దాన్ని ఆన్ చేసినా, ఈ మధ్య కాలపు సాంబా ఆ భాషలో మాట్లాడదు. మన వైపు సాంబా అంటే సాంబశివుడు గుర్తుకు వస్తాడు గానీ, దాన్ని రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఎస్, ఎం, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటల కోసం నిఘంటువులో వెతికి ఆ పేరు పెట్టారు.

మరి ఎస్‌ఎంబీ 1 ఆన్ చేస్తే బాగుపడిందని ఇంతమంది ఎందుకు అంటున్నారు? పాత కాలంలో నెట్‌వర్క్ విండోలో యంత్రాల పట్టికను నింపే సర్వీసు ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడి ఉండేది. దాన్ని ఆన్ చేస్తే పాత యంత్రాలు కొన్ని పట్టికలో మళ్లీ ప్రత్యక్షమవుతాయి, అది చూసి సమస్య తీరిందనుకుంటారు. కనబడటం వేరు, తెరుచుకోవడం వేరు. పట్టికలో లేని యంత్రాన్ని కూడా ఐపీ అడ్రస్‌తో నిక్షేపంగా తెరవవచ్చు.

పట్టికలో కనబడటం కూడా కావాలంటే దానికి ఇప్పటి పద్ధతి డబ్ల్యూఎస్ డిస్కవరీ. పైలో ‘డబ్ల్యూఎస్‌డీడీ’ అనే చిన్న సర్వీసును వేసి నడిపితే చాలు, పై మళ్లీ నెట్‌వర్క్ విండోలో కనబడుతుంది. విండోస్ వైపు ఆ వైఫైని ‘పబ్లిక్’గా కాకుండా ‘ప్రైవేట్’గా గుర్తించి ఉండాలి, అప్‌డేట్ తర్వాత ఈ సెట్టింగు మారిపోవడం నేను కొన్నిసార్లు చూశాను. పైలో ఫైర్‌వాల్ వేసుకుని ఉంటే ఎస్‌ఎంబీ వాడే టీసీపీ 445తో పాటు యూడీపీ 3702, టీసీపీ 5357 పోర్టులను కూడా తెరవాలి. నా మటుకు నేను దీని మీద ఎక్కువ సమయం పెట్టను. రౌటర్‌లో పైకి ఒకే ఐపీ అడ్రస్ వచ్చేలా రిజర్వు చేసి, ఆ షేర్‌ను విండోస్‌లో ఒక డ్రైవ్ అక్షరానికి మ్యాప్ చేసుకుంటే నెట్‌వర్క్ విండోతో పనే ఉండదు.

మీలా గెస్ట్ సందేశం కాకుండా, ఐపీ అడ్రస్‌తో వెళ్లినా 80070035 మాత్రమే వస్తున్నవారు దారిని అనుమానించాలి. పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ కమాండ్‌కు ఐపీ అడ్రస్, ‘-పోర్ట్ 445’ ఇచ్చి చూడండి. యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ కమాండ్‌ను నమ్ముకోవద్దు. విండోస్ ఫైర్‌వాల్ చాలా సందర్భాలలో పింగ్‌కు జవాబివ్వదు, లినక్స్ నుంచి విండోస్‌కు పింగ్ అందనంత మాత్రాన దారి మూసుకుపోయినట్లు కాదు. గుంటూరులో ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో రెండు రోజులు తిరిగాను. ఇంటర్నెట్ ఇచ్చినవారు పెట్టిన రౌటర్ 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తోంది. లోపలి గదికి వైఫై అందడం లేదని వారు బజారులో కొన్న రెండో రౌటర్‌ను దానికి వ్యాన్ సాకెట్ (బయటి ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉండేది) ద్వారా తగిలించారు, అది 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తోంది. లినక్స్ యంత్రం రెండో రౌటర్ కింద ఉంది, ముందు గదిలోని కంప్యూటర్లు మొదటి దాని కింద ఉన్నాయి. అందరికీ ఇంటర్నెట్ వస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కేబుల్‌ను వ్యాన్ నుంచి తీసి లోపలి యంత్రాల కోసం ఉండే ల్యాన్ సాకెట్‌లో పెట్టి, రెండో రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వీసును ఆపి, దానికి మొదటి వరుసలో ఖాళీగా ఉన్న అడ్రస్ ఒకటి ఇచ్చేసరికి అన్నీ ఒకే గూటికి వచ్చాయి. గెస్ట్ వైఫైలో ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఆ వైఫైలోని పరికరాలను ఇంటి నెట్‌వర్క్‌తో కలవనివ్వకపోవడమే దాని ఉద్దేశం.

షేర్ తెరుచుకుంటుంది గానీ ఫైలు రాయబోతే అనుమతి లేదంటుంది అనేది మరో రకం. మీకూ పాస్‌వర్డ్ పెట్టిన తర్వాత ఇది ఎదురుకావచ్చు, ఎందుకంటే ఇన్నాళ్లూ గెస్ట్ పేరుతో సృష్టించిన ఫైళ్లు ‘నోబడీ’ అనే యూజర్ సొంతమై ఉంటాయి. డిస్క్ ఫార్మాట్ లినక్స్‌కు చెందిన ఈఎక్స్‌టీ 4 అయితే, యజమానిని మార్చే ‘చోన్ -ఆర్’ కమాండ్‌తో (సీ, హెచ్, ఓ, డబ్ల్యూ, ఎన్ అని రాయాలి) వాటిని మీ పేరు మీదకు మార్చుకుంటే సరిపోతుంది. డిస్క్ విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ‘చోన్’, అనుమతులు మార్చే ‘చ్‌మాడ్’ మామూలుగా ఫలించవు. మౌంట్ చేసేటప్పుడే, అంటే డిస్క్‌ను లినక్స్‌కు కలిపేటప్పుడే, ‘ఎఫ్‌స్ట్యాబ్’ ఫైలులో యూఐడీ, జీఐడీ (యూజర్, గ్రూపు సంఖ్యలు) విలువలు ఇచ్చి ఫలానా యూజర్‌దని చెప్పాలి. డిస్క్ ఎప్పటికీ పై దగ్గరే ఉండేదైతే ఈఎక్స్‌టీ 4గా మార్చుకోవడం మేలు, అయితే అలా ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందుగా వేరేచోట కాపీ తీసుకోండి. అప్పుడప్పుడు ఊడదీసి విండోస్‌కు తగిలించేదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానే ఉంచండి.

దీనికి దగ్గరి చుట్టం మరొకటి ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లో డిస్క్ తగిలించగానే అది ‘/మీడియా’ కింద మీ పేరున్న ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది, ఆ ఫోల్డర్‌లోకి మీకు తప్ప మరో యూజర్‌కు ప్రవేశం ఉండదు. ఇంట్లో అమ్మకు, నాన్నకు వేర్వేరు సాంబా యూజర్లను సృష్టించి, షేర్‌కు అన్ని అనుమతులూ ఇచ్చినా, దారిలోని ఆ ఒక్క ఫోల్డర్ దగ్గర వారు ఆగిపోతారు. డిస్క్‌ను ‘/ఎస్‌ఆర్‌వీ’ కింద శాశ్వతంగా మౌంట్ చేయడమే దీనికి శుభ్రమైన పరిష్కారం. ఉబుంటు అనే లినక్స్ రకంలో 21.04 నుంచి హోమ్ ఫోల్డర్లు కూడా ఇతరులకు మూసి ఉంటున్నాయి. ఫెడోరా అనే మరో లినక్స్ రకం వాడేవారైతే ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ లేబుల్‌ను కూడా చూసుకోవాలి, ఫోల్డర్‌కు ‘సాంబా_షేర్_టీ’ లేబుల్ లేకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా తెరుచుకోదు.

పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో తెగిపోతుంటే సాంబాను తిట్టకండి. రాస్ప్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 ఆంపియర్లే అందుతాయి. సొంత అడాప్టర్ లేని హార్డ్ డిస్క్ బరువు పడ్డప్పుడు ఊడిపోయి మళ్లీ తగులుకుంటుంది, ‘డీమెసేజ్’ అని పిలిచే ‘డీఎంఈఎస్‌జీ’ కమాండ్‌లో ఆ సంగతి స్పష్టంగా కనబడుతుంది. కరెంటు అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే తీరిపోతుంది.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దీని గురించి రాసినవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా బంధువు ఒకాయన కీర్తనల రికార్డింగులను విండోస్‌లో దాచుకున్నారు. ప్రతి ఫైలు పేరులో పల్లవి, రాగం, తాళం, పాడినవారి పేరు, కచేరీ జరిగిన ఊరు అన్నీ ఉంటాయి. లినక్స్ షేర్‌కు కాపీ చేస్తే వందల ఫైళ్లు వెళ్లాయి, కొన్ని మాత్రం పేరు మరీ పొడవుగా ఉందని నిలిచిపోయాయి. విండోస్‌లో అవే పేర్లు చక్కగా పని చేస్తున్నాయి కదా అని ఆయన ఆశ్చర్యం. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరును 255 యూనిట్లుగా లెక్కిస్తుంది, అందులో తెలుగు కోడ్ ఒక్కొక్కటి ఒక యూనిట్. ఈఎక్స్‌టీ 4 మాత్రం 255 బైట్లుగా లెక్కిస్తుంది, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటికి మూడు బైట్లు పడతాయి. అంటే లినక్స్ డిస్క్ మీద తెలుగు పేరుకు 85 కోడ్‌లే పరిమితి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘లక్ష్మి’ అని రాస్తే మన కంటికి రెండక్షరాలు, డిస్క్‌కు ఏడు కోడ్‌లు, 21 బైట్లు. ఇది ఏ సెట్టింగుతోనూ మారదు, పేర్లు కుదించుకోవడం ఒకటే దారి. పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం లాంటి గుర్తులు లినక్స్ వైపు పెట్టినా విండోస్‌లో వింత పేర్లుగా కనబడతాయి, వాటిని కూడా మానుకోండి.

మీరు అడగలేదు గానీ, తిరుగుదారిలో, అంటే విండోస్ ఫోల్డర్‌ను లినక్స్ నుంచి తెరిచేటప్పుడు వచ్చే రెండు ఎర్రర్ల గురించి చెప్పి ముందుకు వెళతాను. మౌంట్ ఎర్రర్ 112 అంటే యంత్రం ఆగిపోయిందని రాసి ఉంటుంది, కానీ చాలాసార్లు దాని అసలు అర్థం ఎస్‌ఎంబీ వెర్షన్ కుదరలేదని. పాత వ్యాసాల నుంచి కాపీ చేసిన ‘వెర్స్=1.0’ను ‘వెర్స్=3.0’గా మార్చి చూడండి. ఎర్రర్ 13 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. లాప్‌టాప్ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ నెట్‌వర్క్ మీద చెల్లదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తంటాలు పడేకంటే, షేర్ కోసమే విండోస్‌లో ఒక లోకల్ యూజర్‌ను సృష్టించడం నాకు ఎప్పుడూ సుఖంగా అనిపించింది.

ఎస్‌ఎంబీ 1 తప్ప మరేదీ తెలియని పరికరం ఇంట్లో నిజంగానే ఉంటే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక జిరాక్స్ దుకాణంలోని పాత స్కానర్ అలాంటిదే. అందరి కంప్యూటర్లలో ఆ తలుపు తెరిచే బదులు, దానిలోని ఎఫ్‌టీపీ సౌకర్యాన్ని వాడి, స్కాన్లు ఒక లినక్స్ యంత్రంలోని ఫోల్డర్‌కు వచ్చేలా చేసి, ఆ ఫోల్డర్‌ను మామూలు సాంబా షేర్‌గా ఇచ్చాను. ఇప్పటికీ నడుస్తోంది.

విండోస్‌లో గెస్ట్ నిషేధాన్ని, సైనింగ్‌ను తీసివేసే సెట్టింగులు కూడా ఉన్నాయి, వాటిని ఎలా మార్చాలో వెతికితే దొరుకుతుంది. మీ చేతిలో ఉన్నది పాస్‌వర్డ్ పెట్టుకోగల రాస్ప్‌బెర్రీ పై కాబట్టి వాటి అవసరం లేదు. బయట ఊరి నుంచి కూడా ఫొటోలు చూసుకోవాలని రౌటర్‌లో 445 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవాలనే ఆలోచన వస్తే దాన్ని అక్కడే ఆపండి, దానికి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే) దారి ఉంది.

ఇవన్నీ చేశాక కూడా తెరుచుకోకపోతే మూడు సంగతులు రాయండి. పైలో ‘టెస్ట్‌పార్మ్ -ఎస్’ చూపించినదంతా, పైలోనే చేసిన ‘ఎస్‌ఎంబీక్లయింట్’ పరీక్ష ఫలితం, ఐపీ అడ్రస్‌తో వెళ్లినప్పుడు విండోస్ ఇచ్చిన ఎర్రర్ సంఖ్య. పాస్‌వర్డ్ మాత్రం ఎక్కడా పెట్టకండి.